రాశి దగ్గరి పిడికెడు

హైదరాబాదు నుండి బాలానగరు, గండిమైసమ్మ, దుండిగల్ మీదుగా నర్సాపురపు అడవి వైపునకు, ఆపైన మెదకునకు పోవు బాటలో గుమ్మడిదల తగులును. 2016 అక్టోబరు 11వ తేదీన సంగారెడ్డి జిల్లా ఏర్పడినపుడు జిన్నారము నుండి విడివడి తానే ఒక మండలమైన ఈ ఊరు అంతకుమునుపు మెదకు జిల్లాలోనిది. వేసవి మొదట ఈ దారిని పోవువానికి రెండు కాలములు ప్రక్కప్రక్కనే కానవచ్చును. ఒక వైపున మందుల కర్మాగారముల పొగగొట్టములు, వాటి గేట్ల ముందర షిఫ్టు మారువేళ గుంపులుగా నిలుచు ఒడిశా, బీహారు, ఉత్తరప్రదేశముల కూలీలు. రెండవ వైపున తారురోడ్డు అంచున టార్పాలినులపై ఆరబోసిన యాసంగి వడ్లు. తేమ 17 శాతమునకు దిగినదా లేదా యని కొనుగోలు కేంద్రమువారు మీటరు పెట్టి చూతురు. దిగినచో సంచులకెత్తి, తూకము వేసి, లారీ కొరకు కాచుకొందురు. ఆ వడ్లరాశి ప్రక్కనుండియే ఆ కూలీలు దినదినము నడచిపోవుదురు. రాశికిని వారికిని ఏ సంబంధమును లేదు. ఒకప్పుడు ఈ నేలపై రాశి ప్రక్కనుండి పోవువాడు వట్టిచేతులతో పోవుట అరుదుగా జరిగెడిదని తలచుకొన్నపుడు, ఈ సంబంధరాహిత్యమే నన్ను మిక్కిలి కలచివేసినది. ఈ వ్యాసమునకు కారణమును అదియే.

మన పల్లెలలో అన్నదానమునకు మొదటి స్థానము వంటిల్లు కాదు, కల్లము. కోతలైన పిమ్మట ఊరి వెలుపల గట్టినేల చూచి చదును చేసి, పేడతో అలికి, నడుమ మేటి పాతి, పనలు పరచి, ఎడ్లను బంతి కట్టి త్రొక్కించి, గాలి తిరిగినవేళ చేటలతో తూర్పారబట్టి, పొల్లు పోగా మిగిలిన గింజను రాశి పోసెడివారు. కొలుచుటకు ముందు రాశికి మ్రొక్కుట, కొలుచునపుడు మొదటి కుంచమును ‘ఒకటి’ యనక ‘లాభము’ అని లెక్కించుట, కొలత సాగుచున్నంతసేపు వృథాప్రసంగము చేయకుండుట – ఇవన్నియు నేటికిని వృద్ధులకు జ్ఞప్తిలో ఉన్న ఆచారములు. అయితే ఆ రాశి చుట్టు నిలిచినవారెవ్వరో చూడవలెను. వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, చాకలి, మంగలి, చెరువునీరు పారించు నీరడి, ఊరి కావలివాడు, చెప్పులు కుట్టి మోటబొక్కెనలు సవరించిన మాదిగ – వీరందరును ఏడాది పొడుగునను చేసిన పనికి ప్రతిఫలముగా ‘మేర’ కొలిపించుకొనుటకు వచ్చినవారు. వీరి వెనుక ఏ పనియు చేయజాలని వృద్ధులు, వితంతువులు, పసిపిల్లలు. వారికి కోసిన చేలలో రాలిన వెన్నులను ఏరుకొను ‘పరిగె’ కలదు. పరిగె ఏరుకొనుచున్న ముసలమ్మను చేనినుండి తరిమినవానిని ఊరు మంచివాడని చెప్పుకొనెడిది కాదు.

ఇంతటితో ఆగలేదు. దాసరి, జంగము, బుడబుక్కలవాడు, గంగిరెద్దులవాడు కోతకాలమును లెక్కగట్టుకొని ఊరూరు తిరిగెడివారు. ఒక్కొక్క కులమునే ఆశ్రయించుకొని బ్రతుకు ఆశ్రితజాతులు తెలంగాణములో ప్రత్యేకముగా నుండెను. పద్మశాలీలకు సాధనాశూరులు, మాదిగలకు డక్కలివారు, ఇట్లే మరికొన్ని. వీరు ఏటేట వచ్చి, పటము విప్పి కథ చెప్పియో, విద్యలు చూపియో, వంశావళి చదివియో పుచ్చుకొనుదానికి ‘త్యాగము’ అని పేరు. ఇచ్చువాని నోట అది త్యాగము. పుచ్చుకొనువాడు దానిని తన మిరాశీహక్కుగా భావించి, ఇయ్యనినాడు ఆ ఇంటిముందే కూర్చుండి నిలదీసెడివాడు. ఈ నిలదీయుటను నేను గౌరవముతో చూతును. తిండిగింజలను పుచ్చుకొనువాడు తలవంచుకొని నిలువనక్కరలేని వ్యవస్థ ఒకటి మన యొద్ద కొంతమేరకైనను ఉండెననుటకు అది సాక్ష్యము.

కొంతమేరకు మాత్రమే అని చెప్పక తప్పదు. మేర పేరిట ముట్టునది తరచుగా చేసిన చాకిరికి చాలనిది. కల్లమూడ్చిన మట్టిగింజలు, అడుగున మిగిలిన తాలు ఎవరి పాలబడెనో, మేలిగింజ ఎవరి గాదె చేరెనో చూచినచో కులముల మెట్లు ఆ రాశిలోనే కనబడును. మేరకై వచ్చిన మాదిగ దూరముగా నిలుచుండి గుడ్డ పరచవలసివచ్చినదనుటను దాచి, పాతకాలమంతయు స్వర్ణయుగమని వర్ణించుట అసత్యము. నేను చెప్పదలచినది ఒక్కటే: ధాన్యము ఇల్లు చేరకమునుపే, పదిమంది కన్నులయెదుట, ఎవరి పాలు వారికి తీయబడెను. గాదెలోనికి పోయిన పిమ్మట చేయి బిగుసుకొనునని పెద్దలెరుగుదురు కాబోలు.

ఇంటిలోపలి దానమునకు వేరొక కొలత కలదు. అది పిడికిలి. ‘ముష్టి’ యను సంస్కృతపదమునకు పిడికిలి యని అర్థము; యాచకునికి వేయు పిడికెడు గింజలే ముష్టియై, ఆ మాట క్రమముగా నీచార్థమును పొందినది. ఎసటిలో బియ్యము పోయుటకు ముందు ఇల్లాలు ఒక పిడికెడు తీసి వేరుకుండలో వేయుట, కుండ నిండినపుడు దానిని గుడికో, మఠమునకో, వారములు చేసికొని చదువుకొను పేదబాలునికో ఇచ్చుట దక్షిణదేశమంతటను ఎరిగిన పద్ధతి. కంచి చంద్రశేఖరేంద్ర సరస్వతీస్వామివారు ఈ ‘పిడికెడు బియ్యము’ పద్ధతిని గృహిణులకు ప్రత్యేకముగా బోధించి ప్రచారము చేసిరి. ఈనాడు డబ్బాలు పెట్టి, కరపత్రములు పంచి, ఒక దినము నిర్ణయించి ఇంటింటికి పోయి ఆహారపదార్థములు పోగుచేయువారు చేయుచున్నది స్వరూపములో ఇదియే. భేదము ఒకటి కలదు. పిడికెడు తీయు ఇల్లాలు తన యింట వండుకొను బియ్యమునుండియే తీసెను. తనకు పనికిరాక మూలబడిన దానిని తీయలేదు.

ధాన్యము నిలువచేయుటకు జొన్నపండు నేలలలో పాతరలుండెను. గట్టినేలలో లోతుగా గోయి త్రవ్వి, అడుగునను ప్రక్కలను ఎండుగడ్డి దట్టముగా పరచి, జొన్నలు పోసి, మరల గడ్డి కప్పి, పైన మన్ను మెత్తి మూసిన పాతర వానలకును పురుగునకును తట్టుకొనెడిది. మూత తీసిన వెంటనే లోనికి దిగరాదు. లోని చెడుగాలి మనుష్యుని ప్రాణము తీయును. ఒకపూట గాలి పారనిచ్చి దిగవలెను. కరవునాడు ఊరిని బ్రతికించినవి ఈ పాతరలే. ఊరిని బానిసగా చేసినవియు ఇవియే. ఏలయనగా వానకాలమున గింజలు నిండుకొన్న రైతు దొర పాతరనుండి ‘నాగు’కు తెచ్చుకొనవలెను. పుట్టెడు తెచ్చినవాడు కల్లము నాటికి పుట్టిన్నర కొలిచి తీర్చవలెను. ఒకే గోతిలోని ఒకే జొన్నలు, ఎవరి అధీనమున ఉన్నవను దానినిబట్టి, అన్నమగును లేదా సంకెల యగును. ఈ విషయమును జహీరాబాదు స్త్రీలు తరువాత ఎట్లు గ్రహించిరో ముందు చెప్పెదను.

రాజులును, ధనికులును చేసిన అన్నదానముల చరిత్ర వేరు. పటాన్‌చెరువు ఒకప్పుడు పొట్లకెరె యను పేర కల్యాణి చాళుక్యుల కాలమున రాజధానిగా వెలసిన పట్టణము. జైనమునకు ప్రసిద్ధ కేంద్రము. ఆహారము, అభయము, ఔషధము, శాస్త్రము అను నాలుగు దానములను జైనులు గృహస్థధర్మముగా విధించిరి గనుక నేటి కర్మాగారముల నేలపై ఆహారదానము ఒక వ్రతముగా వేయేండ్ల క్రిందటనే ఆచరింపబడెను. 1261 నాటి మల్కాపురము శాసనము రుద్రమదేవి దానమును, విశ్వేశ్వర శివాచార్యుడు నెలకొల్పిన మఠ, విద్యాలయ, ఆరోగ్యశాల, ప్రసూతిశాలలను పేర్కొనుచు, అచటి సత్రములో బ్రాహ్మణుడు మొదలు చండాలుని వరకు ఎల్లరికిని అన్నము పెట్టవలెనని విధించినది. 1866 కరవులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి వేలమందికి గంజిపోసెను. లంకల గన్నవరపు డొక్కా సీతమ్మ (1841–1909) గోదావరి లంకలలో వేళకాని వేళ వచ్చినవానికిని వండిపెట్టినది. ఈ మహనీయుల పేర్లు తెలుగువారు మరువరానివి. అయినను ఒక దాత మీద నిలిచిన అన్నము ఆ దాత ఆయుర్దాయముతో ముడివడి యుండును. పిడికెడు పద్ధతికి దాత పేరే లేదు. కనుకనే అది తరతరములు సాగినది.

గుమ్మడిదల దారి చివరనున్న మెదకునకు ఈ చరిత్రలో తప్పనిసరి స్థానము కలదు. చార్లెస్ వాకర్ పోస్నెట్ అను వెస్లియన్ మతాచార్యుడు 1914లో ప్రారంభించి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ చేయించిన మెదకు చర్చి కరవుకాలపు కట్టడమని ఆ ప్రాంతమంతయు చెప్పుకొనును. ఆకలితో వచ్చినవారికి ఊరక పెట్టుటకంటె పనియిచ్చి పెట్టుట మేలని ఆయన తలచెననియు, రాళ్లు మోసి, సున్నము నూరి, అన్నము గైకొని ఆ గోడలను లేపినవారు చుట్టుపట్ల పల్లెల పేదలేననియు వాడుక. నూరడుగుల వెడల్పు, రెండువందల అడుగుల పొడవు, 175 అడుగుల గంటగోపురము. అయిదువేలమంది కూర్చుండి ప్రార్థింపవచ్చును. నర్సాపురపు అడవి దాటి మెదకు చేరబోవునపుడు దూరమునుండి కానవచ్చు ఆ గోపురమును చూచిన ప్రతిసారియు, దాని యెత్తును అడుగులలో గాక ఎన్ని గంపల అన్నములో కొలుచుట న్యాయమనిపించును.

రెండవ ప్రపంచయుద్ధ కాలమున నిజాము ప్రభుత్వము రైతులనుండి లెవీ ధాన్యము బలవంతముగా సేకరించెను. ధాన్యసేకరణ యను మాటకు తెలంగాణములో చేదు కలిగించినది ఆ లెవీయే. చిన్నరైతు తన తిండిగింజలు సైతము అప్పగించి బజారులో కొనుక్కొనవలసివచ్చెను. దొర గడీలోని పాతరలు మాత్రము అధికారుల కంటబడలేదు. తరువాత జరిగిన సాయుధపోరాటమున అనేక గ్రామములలో ప్రజలు ఆ గడీల ధాన్యమును బయటికి లాగి పంచుకొనిరి. కల్లములో జరుగవలసిన పంపకము కల్లములో జరుగనపుడు ఎచ్చట జరుగునో ఆ సంవత్సరములు చూపెను.

పిమ్మట కర్మాగారములు వచ్చెను. 1960లలో రామచంద్రాపురమున బి.హెచ్.ఇ.ఎల్., 1970లనుండి పటాన్‌చెరువు పారిశ్రామికవాడ, ఆపైన పాశమైలారము, బొల్లారము, కాజిపల్లి, గడ్డపోతారము, బొంతపల్లి. 1972లో పటాన్‌చెరువునందే ఇక్రిశాట్ అను అంతర్జాతీయ పరిశోధనాసంస్థ వెలసి, జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగల విత్తనములను ప్రపంచమంతటినుండి తెప్పించి శీతలగృహములలో భద్రపరచినది. ఆ విత్తనకోశమున నేడు లక్షకు పైబడిన రకములున్నవి. ఇంతటి జొన్నల నిధి ఒకవైపున పెరుగుచుండగా, చుట్టుపట్ల చేలలో జొన్న తరిగిపోవుట మన కాలపు బాధాకరమైన విశేషము. కారణములు పెక్కు: బోర్లు, వరి, పత్తి, భూముల ధరలు, కాలుష్యము. వాటిలో ఒకటి రేషను బియ్యము. 1983లో నందమూరి తారక రామారావు ప్రభుత్వము కిలో రెండు రూపాయలకు బియ్యమిచ్చి కోట్లమంది పేదల పొయ్యి ఆరకుండ చేసినది. దాని ఉపకారమును తక్కువచేసి మాటలాడుట కృతఘ్నత. కాని జొన్నరొట్టె, గట్క, తైదంబలి తిని బ్రతికిన మెట్టపల్లెలకు బియ్యము చవుకగా వచ్చినపుడు, కష్టపడి మెట్టచేను దున్నువాడు తక్కువైపోయెను, బీడు పెరిగెను, బీడుతోపాటు కల్లమును, పరిగెయు పోయెను. ఈనాడు వరికోత యంత్రము చేనిలోనే నూర్చి గింజను తిన్నగా ట్రాక్టరులో పోయుచున్నది. మేటి లేదు, బంతి లేదు, రాశి చుట్టు నిలుచుటకు చోటును లేదు.

ఇదే జిల్లా పడమటి కొసన, జహీరాబాదు చెంతనున్న పస్తాపురములో, ఈ పోయినదానిని తిరిగి తెచ్చిన కథ కలదు. 1983లో ప్రారంభమైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ, పి.వి.సతీష్ నాయకత్వమున, ఊరూర పేదస్త్రీల సంగములను ఏర్పరచినది. ఆ సంగములలోని వారు అధికముగా దళితస్త్రీలు. ఎకరమో రెండెకరములో నాసినేల కలవారు, లేదా అదియును లేనివారు. 1990ల నడుమ వారు కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ సాయముతో ఒక సాహసమునకు పూనుకొనిరి. బీడువడిన చేలు కలిగిన చిన్నరైతులకు దున్నుటకు, ఎరువునకు, విత్తనమునకు ఎకరమునకింతయని విడతలుగా అప్పు ఇచ్చిరి. ఆ అప్పును రూపాయలలో తీర్చనక్కరలేదు. అయిదారేండ్లలో జొన్నలుగా ఊరి సంగమునకు కొలిచి తీర్చవలెను. ముప్పదికి పైబడిన గ్రామములలో రెండున్నర వేల ఎకరములకు మించిన బీడు ఇట్లు సాగులోనికి వచ్చినది. ఎవరి చేను ఎట్లున్నదో, ఎరువు పడినదో లేదో చూచుటకు సంగపు స్త్రీలే చేలను పంచుకొని తిరిగిరి.

వచ్చిన జొన్నలను వారు ఊరిలోనే నిలువచేసిరి. వెదురు గుమ్ములను పేడమన్నుతో అలికి, బూడిద కలిపి, వేపాకు పరచి, తమ తల్లులు చేసినట్లే చేసిరి. మృగశిర కార్తె ప్రవేశించి, విత్తనపు పనులు మొదలై, పేదయింట గింజలు అడుగంటునపుడు ఆ గుమ్ములు విప్పి, ఊరిలో మిక్కిలి పేదలైనవారికి బజారు ధరకన్న ఎంతో తక్కువకు నెలనెల కొలిచి ఇచ్చిరి. అమ్మగా వచ్చిన పైకము మరుసటి ఏటి సాగునకు నిధియైనది. పూర్వము నాగుకై దొర గడీ మెట్లెక్కిన ఋతువు ఇదియే యని గమనింపవలెను. ఇంటిలో ఏనాడును గాదె లేనివారు ఊరికంతటికి గాదె పెట్టిరి. దానికి తాళపుచెవి వారియొద్దనే ఉన్నది. 2019లో ఈ సొసైటీకి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమపు ఈక్వేటర్ పురస్కారము లభించెను. సతీష్ 2023లో మరణించిరి.

పడమటి ప్రపంచమున ఇట్టి నిలువలకు ‘ఫుడ్ బ్యాంక్’ అను పేరు 1967లో అమెరికాలోని ఫీనిక్స్ నగరమున పుట్టినది. జాన్ వాన్ హెంగెల్ అను స్వచ్ఛందసేవకుడు, బజారు దుకాణముల వెనుక చెత్తలో తిండి వెదకుకొను ఒక తల్లి మాట విని, మిగులు తిండిని జమకట్టి ఆకలిగొన్నవాడు తీసికొనునట్టి బ్యాంకు ఒకటి ఉండవలెనని తలచి, సెయింట్ మేరీ చర్చి సాయముతో దానిని నెలకొల్పెను. నేడు ఆ దేశమున స్థిరపడిన తెలుగు సంఘములవారు డబ్బాల తిండిని, బియ్యమును, పప్పును పోగుచేసి అట్టి నిలువలకు అందించుచున్నారు. పిడికెడు కుండను చూచి పెరిగిన తల్లుల బిడ్డలకు ఆ పని క్రొత్తదిగా తోచియుండదు.

ఇక 2020. మార్చి చివర కరోనా వలన దేశమంతయు మూతబడినపుడు ఈ పారిశ్రామికవాడలలో, కట్టడముల యొద్ద చిక్కుకొన్న వలసకూలీలకు తలకు 12 కిలోల బియ్యము, 500 రూపాయలు ఇత్తుమని రాష్ట్రప్రభుత్వము ప్రకటించెను. ఊళ్లవారును, కాలనీలవారును బియ్యము, పప్పు, నూనె పోగుచేసి పొట్లములు కట్టి పంచిరి. దేశమంతట ఆ నెలలలో జరిగిన మంచిపని ఇచ్చటను జరిగెను. అయినను ఏప్రిలు 29న కందివద్ద ఐఐటీ కట్టడపు కూలీలు తమను ఇంటికి పంపుమని పెద్దపెట్టున రోడ్డెక్కిరి. మే 1వ తేదీ తెల్లవారుజామున లింగంపల్లి స్టేషను నుండి ఝార్ఖండులోని హటియాకు దాదాపు 1,200 మందితో బయలుదేరిన రైలు దేశములోనే మొదటి శ్రామిక్ స్పెషల్. బియ్యమున్నను వారు ఉండలేకపోయిరి. వండుకొను పొయ్యి, తినుటకు అలవాటైన రొట్టె, జబ్బుపడినచో చూచు మనిషి – ఇవి పొట్లములో పట్టవు. ఒక రాష్ట్రపు రేషను కార్డుతో మరియొక రాష్ట్రమున ధాన్యము పొందు ఏర్పాటును 2019 ఆగస్టులోనే తెలంగాణ, ఆంధ్రప్రదేశముల నడుమ మొదటగా పరీక్షించిరి. అది ఈ కూలీల స్వరాష్ట్రముల వరకు విస్తరించి వారికి అక్కరకు వచ్చుటకు ఇంకను కాలము పట్టెను.

పొట్లములు పంచినవారికి ఎదురైన మొదటి కష్టము ఎవరికి ఈయవలెనన్నది. ఈ ప్రశ్నను జహీరాబాదు పల్లెలలో సంగమువారు ఎట్లు తీర్చిరో చెప్పి ముగింతును. ఊరందరును ఒకచోట కూడుదురు. నేలమీద ముగ్గుపొడితో ఊరి పటము గీయుదురు. వాడలు, బావి, గుడి, ఒక్కొక్క ఇల్లు. ఏయింట ఎన్ని పూటలు పొయ్యి వెలుగునో, ఎవరి పిల్లలు కూలికి పోవుదురో, ఏ ముసలివానికి చూచువారు లేరో ఇరుగుపొరుగే చెప్పుదురు. తప్పు చెప్పినచో అచ్చటనే ఎవరో ఒకరు అడ్డుపడుదురు. ఆ ముగ్గులో కటికపేదయని తేలిన ఇంటికే మొదటి కొలత. ఆ కొలతకు ఊరంతయు సాక్షి, పూర్వము రాశికి సాక్షియైనట్లే. బొంతపల్లి, గడ్డపోతారము, గుమ్మడిదల వాడలలో రేకుల గదులలో పదేసిమంది చొప్పున ఉండు కూలీల గదులను ఇంతవరకు ఏ ముగ్గులోను ఎవ్వరును గీయలేదు.